బల్బులు మార్చుకుంటూ లేక్ సుపీరియర్ దాకా

తిరిగొచ్చి మూడు వారాలైంది. గుళ్ళో కనిపించినవాళ్ళూ, ఆఫీస్‌లో వాళ్ళూ అందరూ ఒకటే అడుగుతున్నారు: "అప్పర్ పెనిన్సులా వెళ్ళొచ్చారటగా, ఆకుల రంగులు ఎలా ఉన్నాయి?" బాగున్నాయి అంటున్నాను. ఫోన్ తీసి ఫోటోలు చూపిస్తున్నాను. చూసినవాళ్ళు "వచ్చే ఏడు మేమూ వెళ్తాం, ఎన్ని రోజులు పడుతుంది?" అంటున్నారు. ఆరు రోజులు పడుతుంది. ఆ ఆరు రోజుల్లో నేను చూసింది రంగుల్ని మాత్రమే కాదు కాబట్టి, ఫోన్‌లో చూపించలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మాది ఏలూరు. పద్దెనిమిదేళ్ళుగా మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉంటున్నాను. కార్ సీట్లు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ ఇంజనీర్ని. మా తమ్ముడు మధు నాకంటే ఐదేళ్ళు చిన్న. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. ఇంకా హెచ్-వన్ వీసా మీదే ఉన్నాడు, గ్రీన్ కార్డ్ లైన్లో పదేళ్ళుగా నిలబడి ఉన్నాడు. పెళ్ళి చేసుకోలేదు.

వాడికి రేచీకటి. చిన్నప్పుడు కరెంటు పోతే ఎక్కడున్నవాడు అక్కడే ఆగిపోయి "అక్కా" అని పిలిచేవాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేదాన్ని. పిరికివాడని అందరం నవ్వేవాళ్ళం. ఇక్కడికొచ్చాక డాక్టర్లు చెప్పారు, కంటి వెనక పొర కొద్దికొద్దిగా పాడైపోయే జబ్బు అని, పుట్టుకతో వచ్చిందని, ఆపే మందు లేదని. నాకూ టెస్ట్ చేశారు. నాకు లేదన్నారు. ఆ రోజు మా ఆయన కిరణ్ సంతోషపడి స్వీట్లు తెస్తే, నేను ఆ డబ్బా మూత తియ్యలేదు.

నాలుగేళ్ళ క్రితం మధు ఒక పాత ట్రెయిలర్, దాన్ని లాగడానికి ఒక పికప్ ట్రక్ కొన్నాడు. లోపల మంచం, పొయ్యి, చిన్న బాత్రూమ్ అన్నీ ఉన్న చక్రాల గది అది. "చూపు ఉండగానే చూడాల్సినవన్నీ చూసెయ్యాలక్కా" అని సెలవు దొరికినప్పుడల్లా ఒక్కడే వెళ్ళేవాడు. ఏడాదిన్నర క్రితం డ్రైవింగ్ లైసెన్స్ వదులుకున్నాడు. అప్పుడు ఒక స్నేహితుడు ట్రక్‌నీ ట్రెయిలర్‌నీ ట్రాయ్ తెచ్చి మా ఊరి స్టోరేజ్ లాట్‌లో పెట్టి వెళ్ళాడు. "చీకట్లోనే అక్కా ఇబ్బంది. పగలు నాకేం ఢోకా లేదు" అన్నాడు మధు. నేను నమ్మాను.

సెప్టెంబర్ చివర్లో ఫోన్ చేశాడు. "నువ్వు డ్రైవ్ చేస్తానంటే ఈసారి రంగులు మారే ఆకులు చూసొద్దాం అక్కా. ఈ ఏడాదే వెళ్దాం." షికాగో నుంచి రైలెక్కి ట్రాయ్ వచ్చాడు. వాడు వచ్చేలోపే కిరణ్ నాతో రెండు ఆదివారాలు ఖాళీ పార్కింగ్ లాట్‌లో ట్రెయిలర్ లాగడం ప్రాక్టీస్ చేయించాడు. ముందుకు వెళ్ళడం వచ్చింది. వెనక్కి పోనివ్వడం మాత్రం ఇప్పటికీ సరిగా రాదు.

మాకినా సిటీ

మొదటి రోజంతా ఉత్తరానికి ఒకటే రోడ్డు. ఎక్కేకొద్దీ చెట్లు పసుపెక్కుతూ వచ్చాయి. సాయంత్రం ఐదున్నరకి మాకినా సిటీ చేరాం. మనవాళ్ళు తిరుపతిలో లడ్డూ కొన్నట్టు ఇక్కడికొచ్చినవాళ్ళందరూ ఫడ్జ్ అని ఒక మిఠాయి కొంటారు. వీధంతా అవే దుకాణాలు. పాలకోవాని చాక్లెట్‌లో ముంచి ఇటుకలుగా కోసినట్టుంటుంది. అద్దం వెనక ఒకమ్మాయి పాలరాతి బల్ల మీద దాన్ని గరిటెతో తిప్పుతుంటే చూస్తూ నిలబడ్డాం. మధు అద్దానికి ముక్కు ఆనించి మరీ చూశాడు. చిన్నపిల్లాడిలా ముచ్చటపడుతున్నాడనుకున్నాను.

ట్రెయిలర్లు నిలుపుకునే క్యాంప్‌గ్రౌండ్‌లో మాకిచ్చిన చోటులోకి మాదాన్ని వెనక్కి పెట్టాలి. మధు వెనక నిలబడి చేతులు ఊపుతూ "రా, రా, ఇంకా రా" అంటున్నాడు. వచ్చాను. ధనామని చప్పుడైంది. దిగి చూస్తే నడుము ఎత్తున్న నీళ్ళ పంపు స్తంభం. వాడికి సరిగ్గా రెండడుగుల దూరంలో ఉంది. ట్రెయిలర్ మూల సొట్టపోయింది.

"అబ్బా, ఎండ కళ్ళల్లో పడిందక్కా" అన్నాడు.

ఎండ నిజంగానే వాలుగా పడుతోంది.

లోపల లైట్లు వేస్తే పసుప్పచ్చటి వెలుగు, అదీ మసగ్గా. కప్పుకి ఏడు చోట్ల ప్లాస్టిక్ మూతల్లో పాతకాలపు బల్బులు. మూతలు వేడికి మాడి, టీ మరకలా గోధుమరంగుకి తిరిగాయి. మధు గ్లాసు పెట్టబోయి బల్ల అంచు మీద పెట్టాడు. నీళ్ళన్నీ నా ఒళ్ళో పడ్డాయి.

"ఈ బల్బులు ఏడుస్తున్నాయక్కా. ఏం కనపడి చావదు వీటికింద. కొన్నప్పటినుంచీ ఎల్‌ఈడీలు వెయ్యాలి వెయ్యాలి అనుకుంటున్నా."

"వేసుకోవచ్చుగా, నాలుగేళ్ళు ఏం చేశావ్?"

"బద్ధకం" అని నవ్వాడు.

ఐదు మైళ్ళ వంతెన

మాకినా వంతెన దాటితేనే అప్పర్ పెనిన్సులా, అంటే మిషిగన్‌లో ఉత్తరపు ద్వీపకల్పం. ఎడమపక్క ఒక మహాసరస్సు, కుడిపక్క ఇంకొకటి, మధ్యలో గాలి. భయపడేవాళ్ళ కారుని వంతెనవాళ్ళే నడిపి అవతల దింపుతారట. ఆ సంగతి తెలిసి కాసేపు ఆశపడ్డాను. మధు ఒప్పుకోలేదు. "నువ్వు నడుపక్కా, నేను మాట్లాడుతుంటా" అన్నాడు. ఆ ఐదు మైళ్ళూ వాడు ఏలూరు కాలువగట్టు మీద నాకు సైకిల్ నేర్పిన కథ చెప్తూనే ఉన్నాడు. తమ్ముడు అక్కకి సైకిల్ నేర్పడం మా వీధిలో పెద్ద వింత ఆ రోజుల్లో. నేను రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. వాడు ఏ సరస్సు వైపు చూశాడో, అసలు చూశాడో లేదో నాకు తెలియదు.

అవతలి ఒడ్డున రోడ్డు పక్క పాకలాంటి దుకాణంలో పాస్టీలు అమ్ముతున్నారు. మైదాపిండి తొడుగులో బంగాళాదుంప, మాంసం, ఉల్లిపాయ పెట్టి అంచులు నొక్కి కాల్చేస్తారు. కజ్జికాయ ఆకారమే, కానీ ఒక్కోటి అరచేతిని మించి ఉంటుంది. ఒకప్పుడు గనుల్లోకి దిగే కూలీలు దుస్తుల్లో పెట్టుకుని తీసుకెళ్ళేవారని, మధ్యాహ్నందాకా వేడిగా ఉండేదని అమ్మే ఆవిడ చెప్పింది. బీఫ్ లేనిది ఉందా అంటే చికెన్‌ది ఇచ్చింది. పన్నెండు డాలర్లు. గ్రేవీ కావాలా, కెచప్ కావాలా అని అడిగింది. ఆ రెంటి మీద అక్కడ ఊళ్ళు రెండుగా చీలి వాదించుకుంటాయట. మేం ట్రక్‌లో కూర్చుని ఆవకాయ వేసుకున్నాం. ఉప్పూకారం తెలియని ఆ దుంపలకి ప్రాణం లేచొచ్చింది.

దిగి చేతులు కడుక్కుని తిరిగి ఎక్కేటప్పుడు మధు పక్కనున్న వేరే ట్రక్ తలుపు లాగాడు. అందులో కూర్చున్న ముసలాయన అద్దం దించి నవ్వాడు. రెండూ తెల్లవే కదా అనుకున్నాను.

మ్యూనిసింగ్, చలి ఉదయం

రెండో రోజు రాత్రికి మ్యూనిసింగ్ దగ్గర, లేక్ సుపీరియర్ ఒడ్డున చిన్న క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. అక్కడ కరెంటు కనెక్షన్ ఉండదు, ట్రెయిలర్ బ్యాటరీయే దిక్కు. మధు వచ్చీరాగానే ఏడు లైట్లూ వేశాడు. ఒకటి రెండు ఆర్పబోతే "ఉండనీ అక్కా" అన్నాడు. పడుకునేదాకా ఉండనిచ్చాం.

తెల్లవారేసరికి లోపల ఊపిరి పొగలా కనిపిస్తోంది. హీటర్ ఫ్యాన్ ఆగిపోయింది. స్విచ్ వేస్తే బల్బులు నిప్పుకణికల్లా ఎర్రబడి ఆరిపోయాయి. శాలువాలు కప్పుకుని బయటికొచ్చాం.

క్యాంప్‌గ్రౌండ్ చూసుకునే హోస్ట్ కుక్కతో నడుచుకుంటూ వచ్చాడు. పేరు డేల్. డెబ్భై దాటి ఉంటాడు. ఎండాకాలం మొదలు మంచు పడేదాకా అక్కడే తన ట్రెయిలర్‌లో ఉంటూ, వచ్చేపోయేవాళ్ళకి కట్టెలమ్ముతూ, మరుగుదొడ్లు శుభ్రం చేస్తూ గడుపుతాడు. జీతం లేదు, ఉండే చోటు ఉచితం. మనవైపు అలా ఎవరైనా రిటైరయ్యి చేస్తే పిల్లలు చూడట్లేదా అని వందమంది అడుగుతారు. అతన్ని ఎవరూ అడిగినట్టు లేదు.

డేల్ చిన్న జనరేటర్ తెచ్చి మా బ్యాటరీకి తగిలించాడు. లోపలికొచ్చి, వెలుగుతున్న లైట్ మూత మీద వేలు పెట్టి వెంటనే తీశాడు.

"ఇవి బల్బులు కాదు, పొయ్యిలు. బ్యాటరీని ఇవే తినేశాయి. ఎల్‌ఈడీలు వేసుకోండి. ఈ ఒక్క బల్బు తినే కరెంటుతో అవి ఏడు వెలుగుతాయి. ఊళ్ళో హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి."

"చూశావా, నేను చెప్పలా!" అన్నాడు మధు. వాడి మొహంలో అంత సంతోషం ఆ మధ్యకాలంలో నేను చూడలేదు.

హార్డ్‌వేర్ షాపు

ఒక్కో మూతలో రెండు బల్బులు, మొత్తం పద్నాలుగు. పాత బల్బు ఒకటి కాగితంలో చుట్టి తీసుకెళ్ళాం. షాపులో ఉన్న పెద్దావిడ దాన్ని తిప్పి చూసి, ఒక డ్రాయర్ లాగి, రెండు రకాలు బల్ల మీద పెట్టింది.

"ఇది పసుపు వెలుగు. ఇది తెల్ల వెలుగు. తెల్లది తీసుకున్నవాళ్ళు సగంమంది తిరిగి తెచ్చేస్తారు."

"రెంటిలో ఏది ఎక్కువ బ్రైట్?" అడిగాడు మధు.

"తెల్లది."

"అదే ఇవ్వండి."

ఆ మధ్యాహ్నం వాడే మార్చాడు. సాయం చేస్తానంటే ఒప్పుకోలేదు. మూత రెండు పక్కలా నొక్కి ఊడదీసేవాడు. పాత బల్బు లాగి నా చేతిలో పెట్టేవాడు. కొత్తదాన్ని వేళ్ళతో తడిమి, దాని రెండు సన్నటి తీగ కాళ్ళు హోల్డర్‌లో పడే చోటు చూపుడువేలితో కనుక్కుని గుచ్చేవాడు. కొన్ని వెలిగేవి కావు. "వీటికి ప్లస్సు మైనస్సు ఉంటాయక్కా, తిరగేసి పెట్టాలి" అని తీసి, తిప్పి, మళ్ళీ గుచ్చితే వెలిగేవి. కప్పుకేసి చూడకుండానే చేస్తున్నాడు. ఎంత పనితనం అని మురిసిపోయాను. చిన్నప్పుడు రేడియోలు విప్పి బిగించినవాడు కదా.

ఏడు గంటలకి పొద్దు వాలింది. స్విచ్ వేశాడు. అబ్బో, ఆపరేషన్ థియేటరే. గిన్నె మీది గీతలూ, నా చేతి నరాలూ అన్నీ కనిపించాయి. నేను చప్పట్లు కొట్టాను.

మధు రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. చేతుల సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఆర్పెయ్ అక్కా. సూదులు గుచ్చుతున్నట్టుంది. ఆర్పెయ్."

ఆ పూట ఒక్క టార్చ్‌లైట్‌ని గోడవైపు తిప్పి పెట్టుకుని పెరుగన్నం తిన్నాం.

మర్నాడు విప్పిన పెట్టెలన్నీ పట్టుకుని భయపడుతూనే షాపుకెళ్ళాం. ఏలూరులో మా వీధి చివర ఎలక్ట్రికల్ షాపులో "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడ మీద పెయింట్‌తో రాసి ఉండేది. ఈ ఆవిడ ఒక్క మాటా అడక్కుండా వెనక్కి తీసుకుని పసుపు వెలుగువి ఇచ్చింది. మధు బయటికి నడుస్తుంటే నన్ను ఆపి, "అతని కళ్ళు బాగానే ఉన్నాయా?" అని మెల్లిగా అడిగింది.

"రాత్రిపూట కొంచెం తక్కువ" అన్నాను.

ఆవిడ వాడు వెళ్ళినవైపే చూస్తూ తలూపింది. బయట ఎండ కాస్తోంది. వాడు మెట్టు దగ్గర ఆగి, కాలితో అంచు వెతుక్కుంటున్నాడు.

చేపల పులుసు

దారిలో రేవు దగ్గర వైట్‌ఫిష్ అమ్ముతుంటే కొన్నాం. అప్పుడే పట్టినది, మన కొరమీను కంటే మెత్తన. చింతపండు, మెంతిపొడి ఇంటినుంచి తెచ్చుకున్నాను. నాలుగింటికే పులుసు పొయ్యి మీద పెట్టి, డేల్‌ని భోజనానికి పిలిచాను. జనరేటర్‌కి డబ్బులు తీసుకోనన్నాడు మరి.

డేల్ వచ్చేసరికి మధు ఆరు దీపాలకి పసుపు బల్బులు వేసేశాడు. ఏడోది, బల్ల మీదది, ఎంత గుచ్చినా వెలగట్లేదు. తుప్పుపట్టిన లోపలి రేకు బల్బులు తీసి పెట్టడంతో వంగిపోయిందని డేల్ చూసి చెప్పాడు. తన ట్రెయిలర్ నుంచి సన్నటి స్క్రూడ్రైవర్ తెచ్చి, "మీరే చెయ్యండి, మీ చెయ్యి నా చెయ్యికన్నా నిలకడగా ఉంది" అని మధుకి అందించాడు.

ఆరు దీపాలు వెలుగుతున్నాయి. కిటికీల్లోంచి సాయంత్రపు ఎండ కూడా ఉంది. గది మొత్తం తేనెరంగులో ఉంది. డేల్ స్క్రూడ్రైవర్ పట్టుకున్న చెయ్యి మధు కుడిభుజానికి జానెడు దూరంలో ఉంది.

"ఇవ్వండి" అన్నాడు మధు. చెయ్యి ఎదురుగా, ఖాళీ గాలిలోకి చాపాడు.

డేల్ కదలలేదు. మధు అలాగే నవ్వు మొహంతో చెయ్యి చాపి ఉన్నాడు. డేల్ నా వైపు చూశాడు. నా చేతిలో గరిట ఉంది. ఆ రెండు క్షణాల్లో నాకు నీళ్ళ పంపు స్తంభం, పక్క ట్రక్ తలుపు, షాపు మెట్టు అన్నీ ఒక్కసారి అర్థమైపోయాయి.

డేల్ స్క్రూడ్రైవర్‌ని మధు అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. "ఇక్కడ కొంచెం ఇరుకు" అన్నాడు, తప్పు తనదే అన్నట్టు.

ఏడో దీపం వెలిగింది. ముగ్గురం భోంచేశాం. డేల్ పులుసులో బ్రెడ్ ముంచుకుని తిని, నుదుటి మీది చెమట తుడుచుకుంటూ రెండోసారి వడ్డించుకున్నాడు. నేను తినలేదు, మధు చేతినే చూస్తూ కూర్చున్నాను. వాడి చిటికెన వేలు ముందు కంచం అంచు తాకింది. మిగతా వేళ్ళు అన్నం కుప్పని, తర్వాత ముక్కని కనుక్కున్నాయి. ముల్లు తీసి పక్కన పెట్టాయి. ఒక్క ముల్లు కూడా నోట్లోకి పోలేదు. చేత్తో తినేవాళ్ళకి తినడానికి చూపు అక్కర్లేదని నాకు అప్పటిదాకా తట్టలేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా నా ఎదురుగానే కూర్చుని తినేవాడు. ఎన్నిసార్లు వడ్డించానో వాడికి.

డేల్ వెళ్ళిపోయాక కంచాలు తియ్యలేదు.

"ఎప్పటినుంచి మధూ?"

వేళ్ళకంటిన పులుసు తుడుచుకున్నాడు. తర్వాత చెప్పాడు. "రాత్రీ పగలూ ఒకటే అయిపోయి ఏడాది దాటిందక్కా. ఇప్పుడు స్ట్రాలోంచి చూసినట్టు ఉంటుంది. నీ ముక్కు కనిపిస్తే కళ్ళు కనపడవు. మే నుంచి ఆ స్ట్రా కూడా సన్నబడుతోంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు చూసే చూపు మారిపోతుందని."

మళ్ళీ తనే అన్నాడు. "బల్బులు మారిస్తే బాగుంటుందని నిజంగా అనుకున్నానక్కా. అపార్ట్‌మెంట్‌లో అన్నీ మార్చాను. రెండుసార్లు మార్చాను. ల్యాంపులు కొన్నాను. ఇక ఇదొక్కటే మిగిలింది. దీన్లో బల్బులు పాతవి కాబట్టి కనపట్లేదు అని చెప్పుకోడానికి ఉండేది. అందుకే నాలుగేళ్ళు మార్చలేదేమో." పైకి చూశాడు. "బాగా వెలుగుతున్నాయా?"

"వెలుగుతున్నాయి."

"ఏడూనా?"

"ఏడూ వెలుగుతున్నాయి రా."

తలూపి, కంచం మీదికి వంగాడు. మా తమ్ముడు ఏడవడం వాడి పదేళ్ళ వయసు తర్వాత అదే చూడటం. లేచి వెళ్ళి వాడి తల పట్టుకుని నిలబడ్డాను. ఈ జబ్బు ఇద్దరికీ వచ్చే వీలున్నప్పుడు వాడికొక్కడికే ఎందుకు వచ్చిందో నేనెవర్ని అడగాలి?

కాసేపటికి ఆఫీస్ సంగతి చెప్పాడు. కొత్త మేనేజర్ వారానికి మూడు రోజులు ఆఫీస్‌కి రమ్మంటున్నాడట. ఎవరికీ చెప్పలేదు. స్క్రీన్ మీది అక్షరాలు పెద్దవి చేసుకుని, చెవిలో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, అందరూ ఎనిమిది గంటలు చేసే పని పద్నాలుగు గంటలు చేస్తున్నాడు.

"చెప్తే ఏమవుతుంది? లా ఉందిగా, చూపు లేదని తీసెయ్యకూడదు."

"లా ఉంది. లేఆఫ్‌లో పేరు పెడితే ఆ లా ఏం చేస్తుందక్కా? జాబ్ పోతే ఈ దేశంలో ఉండనిచ్చేది సిక్స్టీ డేస్. ఆ సిక్స్టీ డేస్‌లో గుడ్డివాడికి ఇంకో స్పాన్సర్ దొరకాలి."

ఆ మాట వాడు తన గురించి వాడటం మొదటిసారి విన్నాను. "ఆఫీస్‌కి మెయిల్ రాద్దాం, నేను టైప్ చేస్తాను. పంపాలో వద్దో తర్వాత చూద్దువు" అన్నాను. రాశాం. వాడు చెప్తుంటే నేను వాడి ఫోన్‌లో కొట్టాను. ఆరు వాక్యాలు. డ్రాఫ్ట్‌లో ఉంచమన్నాడు.

పడవ

ఐదో రోజు పిక్చర్డ్ రాక్స్ అనే రంగురాళ్ళ కొండల వెంబడి తిప్పే పడవెక్కాం. టికెట్లు ముందే కొనుక్కున్నాం, మానేద్దామా అంటే "దేనికొచ్చాం మరి?" అన్నాడు. కొండల గోడల మీద నీళ్ళు కారి తుప్పు ఎరుపు, ఆకుపచ్చ, నలుపు చారలు. వాటిపైన అడవంతా మండుతున్నట్టుంది. చుట్టూ అందరూ లేచి నిలబడి ఫోటోలు తీస్తున్నారు.

"చెప్పక్కా" అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టాను. ఎర్రవి, పసుపువి, మధ్యలో ఆకుపచ్చ దేవదారులు. రెండు నిమిషాల్లో నా దగ్గర మాటలు అయిపోయాయి. ఎరుపంటే ఏ ఎరుపు అని అడిగాడు. పండుమిరపకాయలు ఆరబోసినట్టు అన్నాను. నవ్వాడు. తర్వాత "ఉండు, ఉండు" అని నా మణికట్టు పట్టుకున్నాడు. తల అంగుళం అంగుళం తిప్పి ఆగాడు.

"ఒక చెట్టు దొరికింది. కొండ అంచున, ఒక్కటే ఉంది. కిందికి వంగింది. అవునా?"

అవును, ఉంది. నిజంగా పండుమిరప రంగే. వాడు రెప్ప వెయ్యకుండా దాన్నే చూస్తున్నాడు. పడవ సాగుతుంటే మెడ కొద్దికొద్దిగా తిప్పుతున్నాడు. ఒక అల వచ్చి పడవ ఊగింది.

"పోయింది" అన్నాడు.

"అక్కడే ఉంది రా, కొంచెం ఎడమకి. ఇంకొంచెం."

వెతికాడు. పడవ కొండ మలుపు తిరిగిపోయింది. "పర్లేదులే అక్కా, చూశాగా" అని కూర్చున్నాడు. నేను మొహం సరస్సు వైపు తిప్పుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, తిప్పుకోవాల్సిన పని లేదని.

తిరుగు దారి

బయల్దేరే ముందు డేల్ వచ్చాడు. మధుతో చెయ్యి కలిపేటప్పుడు "నా చెయ్యి ఇదిగో" అని నోటితో చెప్పి, అందేదాకా ఆగి కలిపాడు. అంత తేలికైన పని నేను అప్పటిదాకా నేర్చుకోలేదు.

వంతెన దాటాక మాకినాలో పెట్రోల్ కోసం ఆగాం. నేను డబ్బు కట్టి తిరిగొచ్చేసరికి మధు ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "పంపేశానక్కా" అన్నాడు. ట్రాయ్ వచ్చేదాకా నాలుగున్నర గంటలు ఆ ఫోన్ ఒళ్ళోంచి తియ్యలేదు. మర్నాడు జవాబు వచ్చింది. చెప్పినందుకు థ్యాంక్స్, డాక్టర్ లెటర్ పంపండి, మీటింగ్ పెడతాం అని. మీటింగ్ అయింది. పెద్ద స్క్రీన్ ఇస్తామన్నారు, ఇంటినుంచి చేసే విషయం ఆలోచిస్తామన్నారు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.

ట్రెయిలర్‌ని మళ్ళీ స్టోరేజ్ లాట్‌లో పెట్టాం. "అమ్మేసెయ్ అక్కా. కొత్త లైట్లు వేశామని యాడ్‌లో రాయి, రేటు వస్తుంది" అన్నాడు. ఇంకా రాయలేదు.

తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే మధుని ట్రాయ్ స్టేషన్‌కి తీసుకెళ్ళాను. షికాగో రైలు వచ్చే ముందు ప్లాట్‌ఫామ్ మీద జనం మూగారు. స్టూడెంట్లు, సూట్‌కేసులు, ఒక పిల్లల బండి. మధు భుజానికున్న సంచి జిప్ తీసి, నాలుగు మడతల తెల్లకర్ర బయటికి తీశాడు. ఆరు నెలల క్రితమే డాక్టర్ ఇప్పించారట. ఒక్కసారి కూడా విప్పలేదట. విదిలిస్తే ముక్కలన్నీ టకటకా అతుక్కుని నిలువు కర్ర అయింది.

"ఎలా పట్టుకోవాలో నాకు ఇంకా సరిగా రాదక్కా. క్లాసులు వచ్చే నెల నుంచి" అన్నాడు. "ఇక్కడ నన్నెవరూ ఎరగరు కదా. ఇక్కణ్ణించే మొదలుపెడతా."

రైలు ఆగింది. నేను చెయ్యి పట్టుకోబోయాను. వద్దన్నాడు. కర్రని నేల మీద అటూ ఇటూ ఆనిస్తూ, తలుపు తెరిచిన చప్పుడు వైపు నడిచాడు. ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు తలెత్తారు. సూట్‌కేసులు పక్కకి జరిగాయి. ఆ తల్లి పిల్లల బండిని వెనక్కి లాక్కుంది. తలుపు దాకా వాడికోసం దారి తెరుచుకుంది.

అది వాడికి కనిపించలేదు. చూడకూడనిదేదో చూసినట్టు నేను చూస్తూ నిలబడ్డాను.